కూలింగ్ టవర్ నీరు చల్లబడటం లేదా? గుజ్జు సీజన్‌కు సమగ్ర మార్గదర్శి

జూన్ వచ్చిందంటే చాలు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న: "అన్నా, టవర్ నీళ్లు 34 డిగ్రీల కిందికి దిగడం లేదు, ఏమి చేయమంటారు?" నేను తిరిగి ఒకటే అడుగుతాను: "ఇప్పుడు తడి బల్బు ఎంత ఉంది?" అవతలి నుంచి మౌనం.

ఆ మౌనం కోసమే ఇది రాస్తున్నాను. కూలింగ్ టవర్‌లో పైనుంచి పడే వేడి నీటికి ఫ్యాను లాగే గాలి తగిలి కొంత నీరు ఆవిరవుతుంది, మిగతా నీరు చల్లబడుతుంది. టవర్ మనం కోరినంత చల్లబరచదు, గాలి ఒప్పుకున్నంతే చల్లబరుస్తుంది. నరోరా అణు విద్యుత్ కేంద్రంలోని పెద్ద టవర్లకూ, తవణంపల్లె దారిలో షెడ్డు వెనుక నిలబెట్టిన గుండ్రటి ఫైబర్ టవర్‌కూ ఈ సూత్రంలో తేడా లేదు. అణు కేంద్రంలో పుట్టిన వేడిలో ఇంచుమించు మూడో వంతే కరెంటుగా మారుతుంది, మిగిలినదంతా చల్లార్చే నీటి మీదే పడుతుంది. మన దగ్గర ఆవిరితో గుజ్జుకు ఎక్కించిన వేడి కూడా అంతే, చివరికి ఆ నీటిలోకే వస్తుంది.

ఇక్కడి అంకెలు గంటకు లక్ష లీటర్ల నీరు తిరిగే యూనిట్‌ను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. మీ టవర్ చిన్నదైతే ఆ మేరకు తగ్గించుకోండి.

1. మొదట తడి బల్బు కొలవండి

థర్మామీటర్ బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి గాలి తగిలేలా ఉంచితే, నీరు ఆవిరవుతూ పాదరసం కొంత కిందికి దిగి ఆగిపోతుంది. అదే తడి బల్బు ఉష్ణోగ్రత. టవర్ ఎంత గొప్పదైనా నీటిని అంతకంటే కిందికి దించలేదు.

కొలిచే పద్ధతి:

- ఒకే రకం థర్మామీటర్లు రెండు తీసుకోండి. పొడి చేసిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో రెండూ ముంచితే రెండూ సున్నా చూపాలి. చూపకపోతే ఆ తేడాను వాటి మీదే రాసి అంటించండి.
- ఒకదాన్ని పొడిగానే ఉంచండి, అది గాలి వేడి చూపుతుంది. రెండోదాని బల్బుకు పలుచని, గంజి లేని నూలుగుడ్డ చుట్టండి. డిస్టిల్డ్ నీటితో తడపండి. బోరు నీరు వాడితే నాలుగు రోజుల్లో గుడ్డ ఉప్పు పట్టి గట్టిపడుతుంది, అంకె తప్పుతుంది.
- టవర్‌కు గాలి లోపలికి వెళ్లే వైపు, నీడలో, ఛాతీ ఎత్తున పట్టుకోండి. చిన్న ఫ్యాను గాలి తగలనివ్వండి.
- అంకె దిగడం ఆగేదాకా చూసి, ఆగిన చోట రాసుకోండి.

ఎండ ఎక్కువగా ఉన్న రోజే టవర్‌కు కష్టకాలం అనుకుంటారు. కాదు. మే నెలలో తిరుపతిలో 41 డిగ్రీల ఎండ, 25 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం తడి బల్బు 25 దగ్గర ఉంటుంది. జూలైలో వాన కురిసి వెలిసిన సాయంత్రం గాలి 32 డిగ్రీలే ఉన్నా, తేమ 75 శాతం ఉంటే తడి బల్బు 28కి చేరుతుంది. మనకు హాయిగా అనిపించే ఆ సాయంత్రమే టవర్‌కు కష్టం.

2. రెండు తీసివేతలు నేర్చుకోండి

టవర్‌లోకి వచ్చే వేడి నీటి ఉష్ణోగ్రత నుంచి టవర్ కింది సంపులోని చల్లని నీటి ఉష్ణోగ్రత తీసేస్తే వచ్చేది రేంజి. చల్లని నీటి నుంచి తడి బల్బు తీసేస్తే వచ్చేది అప్రోచ్.

వేడి నీరు 38, చల్లని నీరు 31, తడి బల్బు 27 అనుకోండి. రేంజి 7, అప్రోచ్ 4. మంచి స్థితిలో ఉన్న టవర్‌కు అప్రోచ్ సాధారణంగా 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటుంది.

రేంజి ఫ్యాక్టరీ మోపిన వేడి బరువును చెబుతుంది, అప్రోచ్ టవర్ ఆరోగ్యాన్ని చెబుతుంది. ఫోనులో "నీళ్లు 34 ఉన్నాయి" అని మాత్రమే చెబితే నాకు ఏమీ తెలియదు. తడి బల్బు 30 ఉన్న రాత్రి 34 అంటే టవర్ బాగున్నట్టే, దాని జోలికి వెళ్లనక్కరలేదు. తడి బల్బు 25 ఉన్న మధ్యాహ్నం అదే 34 అంటే ఎక్కడో లోపం ఉంది.

మొత్తం లెక్క 4 డిగ్రీల చుట్టూ తిరుగుతోంది కాబట్టి థర్మామీటర్‌లో ఒక్క డిగ్రీ తప్పు కూడా పెద్ద తప్పే. ఐసు గ్లాసు పరీక్షను దాటవేయకండి.

3. సీజన్‌కు ముందు టవర్‌ను సిద్ధం చేయండి

తోతాపురి లారీలు గేటు ముందు బారులు తీరాక టవర్ ఎక్కడం కుదరదు. ఈ పని ఏప్రిల్ చివరికల్లా అయిపోవాలి.

ఎక్కే ముందు ఫ్యాను మోటారు స్విచ్చు ఆపి, ఫ్యూజులు తీసి మీ జేబులో వేసుకోండి. బోర్డుకు "పని జరుగుతోంది" అని అట్ట తగిలిస్తే సరిపోదు, ఆ అట్టను చదవకుండా స్విచ్చు వేసేవాడు ప్రతి ఫ్యాక్టరీలో ఒకడుంటాడు. ముక్కుకు, నోటికి మంచి మాస్కు కట్టుకోండి. నిలవ నీటి తుంపరలో ఊపిరితిత్తులకు చేటు చేసే లెజియొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు.

చూడవలసినవి:

- సంపు అడుగున పేరుకున్న బురద మొత్తం తీశారా?
- లోపలి ప్లాస్టిక్ ఫిల్స్‌లో (నీరు పలుచగా పరుచుకుని జారే గదుల పలకలు) నాచు, సున్నం, మామిడి పీచు ఇరుక్కున్నాయా? వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గదుల్లోంచి వెలుగు కనిపించాలి.
- నీళ్లు చిమ్మే గొట్టాల రంధ్రాలన్నీ తెరిచి ఉన్నాయా?
- ఫ్యాను రెక్కలన్నీ ఒకే వాలులో ఉన్నాయా? ఒక రెక్క తేడాగా ఉన్నా మోటారు వణుకుతుంది.
- బెల్టు ఉంటే బిగువు సరిపోయిందా? గేరుబాక్సు ఉంటే నూనె మట్టం ఎంత?
- పంపు ముందు జల్లెడ శుభ్రమా?
- సంపు నిండగానే బోరు నీటిని ఆపే ఫ్లోట్ వాల్వు పూర్తిగా మూసుకుంటోందా? ఇది కారుతూ ఉంటే పొంగు గొట్టం గుండా బోరు నీరు రాత్రంతా కాలువలోకి పోతుంది, ఎవరి కంటా పడదు.

గుండ్రటి టవర్లలో పైన తిరిగే స్ప్రింక్లర్ ఉంటుంది. నీటి తోపుడుకే అది తిరగాలి. ఒక చేతికి రంగు గుడ్డ కట్టి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టండి, తయారీదారు ఇచ్చిన కాగితంలోని అంకెతో పోల్చండి. అది ఇరుక్కుపోతే నీరంతా నాలుగు చారల్లోనే పడుతుంది, మిగతా ఫిల్స్ పొడిగా ఉండిపోతాయి, గాలి ఆ పొడి దారినే వెళ్లిపోతుంది.

టవర్ చుట్టూ కూడా ఒకసారి తిరిగి చూడండి. ఖాళీ డ్రమ్ములు, క్రేట్లు పేర్చడానికి అందరికీ టవర్ పక్క స్థలమే కనిపిస్తుంది. గాలి లోపలికి వెళ్లే దారిని అవి మూసేస్తాయి.

4. నీటి లెక్క తేల్చుకోండి

మన జిల్లా బోర్లు చాలావరకు రాతి పొరల్లోంచి నీరు తోడేవే. చాలా చోట్ల నీరు కఠినం, సిలికా కూడా ఉంటుంది. కాబట్టి పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల మొత్తం), కాఠిన్యం, సిలికా నాలుగూ సీజన్‌కు ముందు ల్యాబులో చూపించాల్సిందే. మధ్యలో బోరు మారితే మళ్లీ చూపించండి.

ఆవిరైపోయేది నీరు మాత్రమే, ఉప్పు సంపులోనే మిగిలిపోతుంది. ఎంత ఆవిరవుతుందో ఇలా లెక్కించండి: తిరిగే నీటిని రేంజితో గుణించి, మళ్లీ 0.00153తో గుణించండి. గంటకు లక్ష లీటర్లు, రేంజి 7 అయితే గంటకు సుమారు 1,070 లీటర్లు. రోజుకు 20 గంటలు నడిస్తే 21,400 లీటర్లు.

ఇక ఉప్పు చిక్కబడకుండా కొంత నీరు బయటికి వదలాలి. సంపు టీడీఎస్‌ను బోరు టీడీఎస్‌తో భాగించండి. బోరు 700, సంపు 2,100 అయితే నీరు 3 రెట్లు చిక్కబడిందని అర్థం. ఆ సంఖ్యలోంచి ఒకటి తీసేసి, వచ్చినదానితో ఆవిరి నీటిని భాగిస్తే వదలవలసిన నీరు తెలుస్తుంది.

- ఒకటిన్నర రెట్ల దగ్గర ఆపితే: రోజుకు సుమారు 42,800 లీటర్లు వదలాలి
- 3 రెట్ల దగ్గర: సుమారు 10,700 లీటర్లు
- 5 రెట్ల దగ్గర: సుమారు 5,350 లీటర్లు

ఒకటిన్నర నుంచి 3కి వెళ్తే 32,000 లీటర్లు మిగులుతాయి. 3 నుంచి 5కి వెళ్తే మిగిలేది 5,350 మాత్రమే, కానీ సున్నం పట్టే ముప్పు బాగా పెరుగుతుంది. మన బోరు నీటికి, మెత్తబరిచే ప్లాంటు లేకపోతే, 3 దగ్గర ఆగడమే తెలివైన పని అని నా అభిప్రాయం. సంపులో సిలికా 150 పీపీఎం (పది లక్షల భాగాల్లో 150) దాటనివ్వకండి. సున్నపు పొరను యాసిడ్‌తో కరిగించవచ్చు, సిలికా పొర ఒకసారి పట్టిందంటే కూలర్ (గుజ్జు వేడిని టవర్ నీటితో తీసే యంత్రం) ట్యూబులు మార్చినంత పని.

నాచుకు క్లోరిన్ వేస్తారు, మంచిదే. కానీ పీహెచ్ చూడకుండా వేస్తే డబ్బు దండగ. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం పని చేసే రూపంలో ఉంటుంది, 8.5 దగ్గర పదో వంతు కూడా ఉండదు. ఒక హెచ్చరిక: యాసిడ్‌నూ, బ్లీచింగ్‌నూ ఒకే బకెట్‌లో, ఒకే సమయంలో ఎన్నడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

5. నడిపే వరుస

1. సంపు మట్టం చూడండి. తక్కువగా ఉంటే పంపు గాలి పీలుస్తుంది.
2. పంపు బయటి వాల్వు కొద్దిగా తెరిచి పంపు వేయండి, తర్వాత మెల్లగా పూర్తిగా తెరవండి.
3. కూలర్‌కు ముందు, తర్వాత ఉన్న ప్రెషర్ గేజీల అంకెలు రాసుకోండి. సీజన్ మొదటి రోజు అంకెలే మీకు ఏడాదంతా కొలబద్ద.
4. స్ప్రింక్లర్ తిరుగుతోందో లేదో కంటితో చూడండి.
5. ఫ్యాను వేయండి. గాలి లోపలికి వెళ్లే పక్క జాలి దగ్గర గుడ్డ పీలిక పట్టుకోండి. అది లోపలికి లాగబడాలి.
6. ఇవన్నీ కుదిరాకే గుజ్జును కాచే స్టెరిలైజర్‌కు ఆవిరి ఇవ్వండి.

6. రెండు గంటలకోసారి రాసే పుస్తకం

గడులు ఆరు చాలు: సమయం, గాలి, తడి బల్బు, చల్లని నీరు, వేడి నీరు, అప్రోచ్. రోజుకోసారి సంపు టీడీఎస్, ఫ్యాను మోటారు ఆంపియర్లు చేర్చండి.

మధ్యాహ్నం 2 గంటలు: గాలి 40, తడి బల్బు 26, చల్లని నీరు 30, వేడి నీరు 37, అప్రోచ్ 4.

రాత్రి 8 గంటలు, వాన తర్వాత: గాలి 29, తడి బల్బు 27, చల్లని నీరు 31, వేడి నీరు 38, అప్రోచ్ 4.

రాత్రి నీరు ఒక డిగ్రీ పెరిగింది. కొత్త ఆపరేటర్ కంగారుపడతాడు. పుస్తకం చూసేవాడికి అప్రోచ్ మారలేదని తెలుస్తుంది, అతను టీ తాగడానికి వెళ్తాడు. అదే అప్రోచ్ 4 నుంచి 5కి, మూడు రోజుల్లో 6కి పాకితే టీ మానేసి నిచ్చెన ఎక్కాలి.

7. వేడి పెరిగితే వెతికే వరుస

ముందు జబ్బు ఎవరిదో తేల్చండి.

*రేంజి మామూలే, అప్రోచ్ పెరిగింది:* జబ్బు టవర్‌ది. ఫ్యాను, స్ప్రింక్లర్, ఫిల్స్, గాలి దారి, ఇదే వరుసలో చూడండి. పైనుంచి వచ్చే వేడి తేమ గాలి గోడకు తగిలి మళ్లీ పక్క జాలిలోకి వస్తోందా అన్నదీ గమనించండి. జాలి దగ్గరి తడి బల్బు, యాభై అడుగుల దూరంలోని తడి బల్బు కంటే ఎక్కువ చూపితే అదే కారణం.

*రేంజి పెరిగింది, అప్రోచ్ పెద్దగా మారలేదు, లేదా కాస్త తగ్గింది:* నీటి ప్రవాహం తగ్గింది. పంపు జల్లెడ, వాల్వులు చూడండి.

*రేంజి, అప్రోచ్ రెండూ పెరిగాయి:* బరువు పెరిగింది. లైను వేగం పెంచారా, ఇంకో యంత్రాన్ని ఇదే నీటికి కలిపారా అని అడగండి. ఎవరో ఒకరు కలిపే ఉంటారు.

*టవర్ అంకెలన్నీ బాగున్నాయి, గుజ్జు మాత్రం వేడిగా వస్తోంది:* కూలర్ ట్యూబుల్లో పొర పట్టింది. గేజీల మధ్య తేడా మొదటి రోజు కంటే పెరిగి ఉంటుంది. టవర్‌ను ఎంత కడిగినా ఉపయోగం లేదు.

ఫ్యానును మొదట పెట్టడానికి ఒక కారణముంది. కొన్నేళ్ల కిందట బంగారుపాళ్యం వైపు ఒక యూనిట్లో అప్రోచ్ ఒక్క రాత్రిలో 4 నుంచి 9కి పోయింది. ఫిల్స్ కడిగాం, జల్లెడ విప్పాం, రెండు ట్యాంకర్ల నీరు పోశాం, ఏమీ మారలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు. తెల్లవారుజామున టవర్ చుట్టూ నేల తడిసి బురదగా ఉండటం చూశాను. గాలికి తుంపర పడిందని వాచ్‌మన్ అన్నాడు. ఆ రాత్రి ఆకు కదిలేంత గాలి కూడా లేదు. జాలి దగ్గర చేయి పెడితే గాలి ముఖం మీదికి కొట్టింది. ముందు రోజు రీవైండింగ్ నుంచి వచ్చిన మోటారును బిగించేటప్పుడు మూడు వైర్లలో రెండు తారుమారయ్యాయి, ఫ్యాను గాలిని పైకి లాగడానికి బదులు కిందికి తోస్తోంది. రెండు వైర్లు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. 5వ అంశంలోని గుడ్డ పీలిక అప్పటినుంచే నా జేబులో ఉంటోంది.

జనరేటర్ మీద నడిచేటప్పుడు మాత్రమే వేడెక్కుతుంటే జనరేటర్ వైర్ల వరుస చూడండి. అప్పుడు పంపు కూడా ఎదురు తిరుగుతుంది కాబట్టి గేజీ ప్రెషర్ కూడా పడిపోతుంది, పట్టుకోవడం తేలిక.

8. తరచూ చేసే తప్పులు

సంపులో ఐసు దిమ్మలు వేయడం. గంటకు ఏడు లక్షల కిలోకేలరీల వేడి వచ్చే చోట ఒక కిలో ఐసు కరగడానికి తీసుకునేది 80 కిలోకేలరీలు. గంటకు దాదాపు తొమ్మిది టన్నుల ఐసు కావాలి. తర్వాత మీ ఇష్టం.

రెండో పంపు కూడా వేయడం. నీరు ఎక్కువైతే ఫిల్స్ మీద మందంగా పడుతుంది, గాలికి దారి తగ్గుతుంది, చల్లని నీరు ఇంకా వేడెక్కుతుంది.

బోరు నీరు వదులుతూ పోవడం. కాసేపు దిగుతుంది, నిజమే. రోజూ ఇదే వైద్యం చేస్తే జూలై రాకముందే బోరు చేతులెత్తేస్తుంది.

చిల్లర్ (ఫ్రిజ్ లాగా ఇంకా చల్లబరిచే యంత్రం) ఉందిగా అని వదిలేయడం. క్రిములు చేరకుండా గుజ్జు నింపే అసెప్టిక్ లైనులో టవర్ నీరు గుజ్జు వేడిని చాలావరకు తీస్తే, మిగిలింది చిల్లర్ తీస్తుంది. టవర్ నీరు వేడెక్కితే చిల్లర్ మీద బరువు పెరుగుతుంది. చాలా చోట్ల చిల్లర్ లాగిన వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కూ ఇదే టవర్ నీరు. అంటే పని పెరిగిన వేళే దాని ఊపిరి బిగుస్తుంది, హై ప్రెషర్‌తో ఆగిపోతుంది.

రాత్రంతా ఫ్యాను పూర్తి వేగంతో తిప్పడం. నీరు కావలసిన దానికంటే చల్లగా ఉంటే వేగం తగ్గించండి. వేగం 80 శాతానికి దించితే ఫ్యాను తినే కరెంటు దాదాపు సగమవుతుంది.

9. డబ్బాలు చల్లార్చేవారికి ప్రత్యేకంగా

మూడు కిలోల డబ్బాల్లో గుజ్జు నింపేవారికి నీటి చల్లదనంతో పాటు శుభ్రత కూడా ముఖ్యం. డబ్బా చల్లబడేటప్పుడు లోపల శూన్యం ఏర్పడి, సీము (మూత అతికిన అంచు) సందులోంచి నీటి అణువంత చుక్కను లోపలికి లాగవచ్చు. అందుకే ఆ నీటికి క్లోరిన్ కలిపి కనీసం 20 నిమిషాలు ఆగాలి, చల్లార్చి బయటికి పోయే నీటిలో కూడా క్లోరిన్ ఇంకా కొలతకు అందాలి.

డబ్బాలను 38 నుంచి 40 డిగ్రీల దగ్గర బయటికి తీయండి. అంతకంటే వేడిగా పేర్చితే మధ్య డబ్బాల్లో గుజ్జు ఉడుకుతూనే ఉండి రంగు నల్లబడుతుంది. బాగా చల్లగా తీస్తే పైన తడి ఆరదు, తుప్పు పడుతుంది. చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉండి, నిమిషాల్లో తనంతట తాను ఆరిపోవాలి.

10. ఆపే వరుస, సీజన్ ముగిశాక

అణు రియాక్టర్‌ను ఆపిన క్షణంలో కూడా ఇంధనంలో పూర్తి శక్తిలో ఆరేడు శాతం వేడి పుడుతూనే ఉంటుంది, అందుకే అక్కడ చల్లార్చే పంపులు ఆగవు. మన ట్యూబుల్లో కొత్త వేడి పుట్టదు, కానీ ఉన్న వేడి ఉండిపోతుంది. పంపు ముందు ఆపితే కూలర్‌లో నిలిచిపోయిన నీరు కాగి, వేడి గోడల మీదే సున్నం పేరుకుంటుంది.

1. ఆవిరి మూయండి.
2. గుజ్జు లైనులో నీరు పంపి తోయండి.
3. వేడి నీటి అంకె, చల్లని నీటి అంకె దగ్గరకు వచ్చేదాకా టవర్ పంపు, ఫ్యాను నడపండి.
4. ఫ్యాను ఆపండి, తర్వాత పంపు ఆపండి.

ఆగస్టులో చివరి లారీ వెళ్లిపోయాక:

- సంపు పూర్తిగా ఖాళీ చేసి కడిగి ఆరబెట్టండి. మిగిలిన జానెడు నీరు వానాకాలంలో దోమల పెంపకమే.
- వదిలే ఉప్పు నీటిని ఊరి చెరువు కాలువలోకి కాకుండా మీ శుద్ధి ప్లాంటుకే పంపండి.
- బెల్టు వదులు చేయండి, మోటారుకు గుడ్డ కప్పండి, వారానికోసారి ఫ్యానును చేత్తో రెండు చుట్లు తిప్పండి.
- పుస్తకంలో చివరి పేజీ మీద ఆ సీజన్ మొదటి రోజు, చివరి రోజు అప్రోచ్ అంకెలు పక్కపక్కన రాసి పెట్టండి. ఏప్రిల్‌లో నిచ్చెన ఎక్కేవాడు మొదట తెరిచేది ఆ పేజీనే.